నిప్పుకు పేరుంది

గుడి తగలబెట్టినవాడి పేరు ఎవరూ పలకకూడదని ఎఫెసు పౌరులు ఒకప్పుడు కట్టడి చేశారు. క్రీ.పూ. 356లో ఒక రాత్రి అర్తెమి దేవి ఆలయానికి నిప్పు పెట్టి దొరికిపోయినవాడు, ఎందుకు చేశావురా అని చిత్రహింస పెడితే, పేరు కోసం అన్నాడట. అంత గొప్ప కట్టడం లోకంలో మరొకటి లేదు కాబట్టి దాన్ని కాల్చినవాణ్ని లోకం మరచిపోదని వాడి లెక్క. వాడితోపాటు వాడి పేరునూ చంపుదామనుకున్నారు ఊరివాళ్లు. థియోపాంపస్ అనే చరిత్రకారుడు ఊరుకోలేదు, రాసిపెట్టాడు. హెరోస్ట్రాటస్. ఇదిగో, ఇన్ని శతాబ్దాల తర్వాత తెలుగులో నేనూ రాశాను. వాడి లెక్క ఎక్కడా తప్పలేదు.

తప్పిందల్లా ఊరివాళ్ల భయమే. గుడి కాలింది గాని పోలేదు. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు, మగవాళ్లు సొంత సొమ్ము వేశారు, పాత గుడి స్తంభాలను కూడా అమ్ముకుని మునుపటికంటే మంచి గుడి కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ మధ్యలో అలెగ్జాండర్ దండయాత్ర మీద అటు వచ్చి, అయిన ఖర్చూ కాబోయే ఖర్చూ అంతా నాది, ఫలకం మీద నా పేరు వేయించండి చాలన్నాడట. ఒక దేవుడు ఇంకో దేవతకు గుడి కట్టించడం బాగుండదు ప్రభూ అని మర్యాదగా తప్పించుకున్నారని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. కాల్చినవాడికీ కట్టిస్తానన్నవాడికీ కావలసింది ఒక్కటే కావడం తమాషా. ఏడు వింతల జాబితాలోకి ఎక్కింది ఆ కాలిన గుడి కాదు, దాని తర్వాత కట్టిన ఈ గుడే. అంటే నిప్పు వల్ల ఎఫెసుకు నష్టం కంటే లాభమే ఎక్కువ.

ఆ వింత ఉన్నచోటికి మొన్న జూన్‌లో వెళ్లాను. టర్కీ పడమటి తీరంలో, ఇజ్మీర్‌కు దక్షిణంగా సెల్చుక్ అని చిన్న పట్నం ఉంది. దాని శివారులో రోడ్డుకు దిగువన ఒక గుంట. గుంటలో పచ్చటి నీళ్లు, నీళ్లలో బాతులు, ఒడ్డున కొన్ని రాళ్లు. నడుమ ఒంటరిగా ఒక స్తంభం. అదైనా ఒక్క స్తంభం కాదు, అక్కడా ఇక్కడా దొరికిన ముక్కలను 1970లలో ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టినది. దాని నెత్తిన కొంగ గూడు. ఇక్కడ 127 స్తంభాలుండేవని రోమన్ రచయిత ప్లినీ లెక్క. ఆయనే మరో సంగతీ చెప్పాడు. భూకంపాలు వచ్చినా అదురు తగలకుండా ఉంటుందని ఏరికోరి చిత్తడి నేలలో ఈ గుడి కట్టారట. బురదలో పునాది కుదురుకోవడానికి కింద బొగ్గు పరిచి తొక్కి, దానిమీద ఉన్నితో సహా గొర్రెచర్మాలు పరిచారట. చదివినప్పుడు తెలివైన ఏర్పాటే అనిపించింది. గుంట గట్టున నిలబడి చూస్తే వేరేగా అనిపించింది. భూకంపానికి జడిసి బురదను నమ్ముకున్నారు.

చివరికి ఆ బురదే మింగింది. మూడో శతాబ్దంలో గోతులు వచ్చి దోచారు, క్రైస్తవం వచ్చాక పూజలు ఆగాయి, రాళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకుపోయారు. అదంతా చరిత్రలో ఉంది. కాని గుడి ఉన్న చోటు కూడా మనుషులు మరచిపోవాలంటే దోపిడీ చాలదు. కైస్ట్రోస్ నది ఏటా తెచ్చి పోసిన ఒండ్రు ఆ పని చేసింది. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ టర్టిల్ వుడ్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి ఇజ్మీర్ నుంచి అయిదిన్‌కు వేస్తున్న రైలుదారికి స్టేషన్లు గీయడానికి వచ్చి, ఆ పని వదిలేసి గుడి వెతుకులాటలో పడ్డాడు. 1863లో తవ్వడం మొదలుపెడితే ఏళ్ల తరబడి ఏమీ దొరకలేదు. ఆఖరికి నాటకశాల గోడమీద ఒక దానశాసనం కనబడింది. సలుటారిస్ అనే ధనికుడు చేయించిన వెండి బంగారు విగ్రహాలను గుడి నుంచి నాటకశాలకు ఏ ద్వారం గుండా ఊరేగించాలో, ఏ ద్వారం గుండా తిరిగి తీసుకువెళ్లాలో అందులో ఉంది. వుడ్ ఆ ద్వారాలు వెతికి పట్టుకున్నాడు. వాటి దగ్గర మొదలైన రోడ్డును పట్టుకుని తవ్వుకుంటూ పోయాడు. 1869 డిసెంబరు 31న దాదాపు ఆరు మీటర్ల లోతున పాలరాతి నేల గునపానికి తగిలింది. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి ఎక్కడుందో తెలుసుకోవడానికి ఉత్సవ విగ్రహాల దారి పట్టుకుని వెళ్లవలసి వచ్చింది!

అసలు నగరం అక్కడికి కొంచెం దూరంలో రెండు కొండల నడుమ ఉంది. యాత్రికులను పైనున్న ద్వారం దగ్గర దించుతారు. కింది ద్వారం దగ్గర మళ్లీ బస్సు ఎక్కించుకుంటారు. మధ్యలో నున్నటి పాలరాతి బాట మీద దిగుతూ పోవడమే. జూన్ ఎండకు ఆ రాయి కళ్లలోకి కొడుతుంది. మధ్యాహ్నం వెళ్లవద్దు, వెళితే నీళ్లు మరచిపోవద్దు, చెప్పులు జారనివి వేసుకోండి. ఇవి తప్ప యాత్రా సలహాలేవీ నా దగ్గర లేవు. ఊళ్లో మనుషుల తర్వాత ఎక్కువగా కనబడేవి పిల్లులు. విరిగిన స్తంభాల మీద, సింహం శిల్పాల కాళ్ల సందున, చక్రవర్తుల పేర్లున్న పీఠాల మీద పడుకుని ఉంటాయి. ప్రజా మరుగుదొడ్డి దగ్గర అందరూ ఆగుతారు, అందరూ నవ్వుతారు, అందరూ రాతి పలకల మీద కూర్చుని ఫొటో దిగుతారు. నేను కూర్చోలేదు, అంతే తేడా.

దిగువకు వస్తుంటే ఎదురుగా సెల్సస్ గ్రంథాలయం. ఎఫెసు అనగానే క్యాలెండర్ల మీద కనబడేది ఇదే. ఆసియా ప్రాంతాన్ని ఏలిన రోమన్ అధికారి సెల్సస్ జ్ఞాపకార్థం, క్రీ.శ. రెండో శతాబ్దం మొదట్లో, కొడుకు అక్విలా కట్టించాడు. తండ్రి శవపేటికను కింద అరలో పెట్టి, పైన పుస్తకాలు పెట్టాడు. పన్నెండు వేల చుట్టలు పట్టేవని ఒక అంచనా. ముఖద్వారం రెండంతస్తుల ఎత్తున, గూళ్లలో జ్ఞానం, సద్గుణం, వివేకం, విద్య అని నలుగురు స్త్రీమూర్తులతో ఉంటుంది. ఆ మూర్తులు నకళ్లు, అసలువి వియన్నాలో ఉన్నాయి. గోడ మాత్రం నిజమైనదే గాని అది నిలబడి ఉండగా దొరకలేదు. శతాబ్దాలపాటు ముక్కలై పడి ఉంటే ఆస్ట్రియా పురావస్తువేత్తలు 1970 నుంచి 1978 దాకా కూర్చి నిలబెట్టారు. లోపలికి వెళితే ఏమీ లేదు. వెనక ఇల్లు లేని వీధిగుమ్మంలా ఉంది. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. కాని మనం శిథిలాలని పిలిచే వాటిలో మనవాళ్లు మన కాలంలో కట్టినది ఎంతో ఒకసారి తలచుకోవడం మంచిది. అవి మిగిలిపోయిన తీరు వేరు, మనం చూడాలనుకున్న తీరు వేరు. మనకు నిలువు గోడ కావాలి, కూలిందని తెలియడానికి కొంచెం పగులు కావాలి.

అక్కడి నుంచి పాలరాతి వీధి వెంట వెళితే నాటకశాల. కొండ వాలును తొలిచి కట్టారు, ఇరవైనాలుగు ఇరవైఅయిదు వేలమంది పడతారు. కింది వరసల్లో తెలుగు వినబడింది. టర్కీలో ఏడు సంఘాల యాత్ర పేరుతో మన క్రైస్తవ బృందాలు రావడం ఇప్పుడు మామూలే. ప్రకటన గ్రంథంలో పేర్లున్న ఏడు ఊళ్లూ తిప్పి చూపిస్తారు. వాటిలో మొదటిది ఎఫెసు. తలమీద రుమాళ్లు, చీర కొంగులు, చేతుల్లో ప్లాస్టిక్ సీసాలు. వాళ్ల పాస్టరుగారు బైబిలు తెరిచి అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయం చదువుతున్నారు. చెట్టు నీడ లేని ఆ రాతిమెట్ల మీద వాళ్ల పక్కనే కూర్చున్నాను. ఎక్కడి నుంచి బాబూ అని అడిగారు, చెప్పాను, జరిగి చోటిచ్చారు.

ఆ అధ్యాయంలో కథ ఈ మెట్ల మీద జరిగిందే. దేమేత్రి అనే కంసాలి అర్తెమి దేవికి వెండి గుళ్లు చేయించి అమ్ముతుంటాడు. చేతులతో చేసినవి దేవుళ్లు కావంటూ క్రైస్తవ బోధకుడు పౌలు తిరుగుతుంటే బేరం పడిపోతోందని తోటి పనివాళ్లను పోగేస్తాడు. ఊరంతా కదిలి నాటకశాలలోకి దూరుతుంది. చాలామందికి ఎందుకు వచ్చామో కూడా తెలియదు. ఆ మాట బైబిలే చెబుతుంది, నాకు ఆ వాక్యం రాసినవాడి మీద గౌరవం. రెండు గంటలసేపు తమ దేవత పేరు చెప్పి అరిచాక ఊరి కరణం లేచి, మీకు ఫిర్యాదుంటే న్యాయస్థానాలున్నాయి, ఈ అల్లరికి మనం పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది అని చల్లార్చి ఇంటికి పంపుతాడు. ఎంత సమర్థుడైన కరణమో! ఆయన్ను గుర్తు పెట్టుకోండి, ఆయన వారసుడి అవసరం ముందు పడుతుంది.

చదవడం అయింది. ప్రార్థన అయింది. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ, డెబ్బైకి అటూ ఇటూ ఉంటుంది, దూరంగా చూస్తూ అడిగింది.

"అయ్యగారూ, పౌలుగారు మొదటిసారి ఈ ఊరికి ఓడలో వచ్చారని అంటారు గదా. సముద్రం ఏదండీ?"

అందరూ అటు చూశాం. నాటకశాల ఎదుటి నుంచి అర కిలోమీటరు పొడవున తిన్నగా ఒక రాజవీధి పోతుంది. రేవులో దిగిన రాయబారులూ అధికారులూ వర్తకులూ ఆ వీధి గుండానే ఊళ్లోకి వచ్చేవారు. అటూ ఇటూ స్తంభాల వరసలు, అంగళ్లు. అర్కాడియస్ చక్రవర్తి కాలానికి రాత్రిపూట వీధిదీపాలు కూడా వెలిగేవి, ఆ రోజుల్లో అది ఎన్నో నగరాలకు లేని వైభవం. అంత వీధీ పోయి పోయి రెల్లుగడ్డిలో ఆగిపోతుంది. రెల్లు అవతల బీడు, బీడు అవతల తోటలు, తోటల అవతల ఎక్కడో ఐదారు కిలోమీటర్లకు పైగా దూరాన సముద్రం. నాటకశాల మీంచి చూస్తే నేలలో ఒక పల్లం ఆకారం, చుట్టుపక్కల కంటే పచ్చగా, తెలుస్తుంది. అది రేవు.

పాస్టరుగారు కొంచెం తటపటాయించారు. ఆవిడే జవాబు చెప్పేసింది. "మేటేసిందన్నమాట. పక్కన నది ఉందా?"

ఉంది. ఆవిడది దివిసీమ. ఆమెకు ఆ సంగతి చెప్పడానికి గైడు అక్కరలేదు.

నాటకశాల మీద కూర్చున్నవాళ్లకు కనబడని కథ ఇదే. ఆసియా తీరంలో రోమన్ల పెద్ద రేవు ఎఫెసు. ఊరి సిరి అంతా దాని నుంచే వచ్చింది. ఆ రేవును చంపింది ఏ శత్రువూ కాదు, ఏ ఉప్పెనా కాదు. కైస్ట్రోస్ నది కొండల మీంచి మట్టి తెచ్చి వేసుకుంటూ, ఏడాదికి ఇంతని సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోయింది. ఎవరికీ తెలియక జరిగింది కాదు. అందరికీ తెలుసు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో పెర్గము రాజు అట్టాలస్ మంచి ఉద్దేశంతో ఇంజినీర్లను పిలిపించాడు. రేవు మొగను కరకట్టతో ఇరుకు చేస్తే నీటి ఒరవడికి లోతు పెరుగుతుంది, పెద్ద ఓడలు లోపలికి రావచ్చు అన్నారు వాళ్లు. కట్టారు. అంతకుముందు వరకు సముద్రపు ఆటుపోట్లకు కొంత ఒండ్రైనా బయటికి కొట్టుకుపోయేది. ఇప్పుడు లోపలికి వచ్చినదంతా లోపలే నిలిచి, రేవు మొగదాకా బురదతో మెరక వేసింది. ఈ ముక్కా స్ట్రాబోనే రాశాడు. ఇంజినీర్ల పేర్లు ఆయన రాయలేదు. నిప్పు పెట్టినవాడి పేరు పలకరాదని నిషేధం పెట్టినా మనదాకా వచ్చింది. కరకట్ట గీసినవాళ్ల పేరు మీద ఏ నిషేధమూ లేదు, అయినా రాలేదు.

ఇక కరణం సంగతి. క్రీ.శ. రెండో శతాబ్దం మధ్యలో అల్బస్ అనే రోమన్ గవర్నరు ఎఫెసు రేవు గురించి ఒక ఉత్తరువు వేశాడు. రాతిమీద చెక్కినది కాబట్టి మిగిలింది. నాకు ఈ నగరంలో అన్నిటికంటే నచ్చిన రాత అది. కలప వ్యాపారులూ రాయి వ్యాపారులూ దుంగలనూ రాళ్లనూ రేవు గట్టుమీద పెట్టకూడదు, రాళ్లు అక్కడ కోయకూడదు అంటాడు. దుంగల బరువుకు గట్టు దెబ్బతింటోంది. రాయి కోసేటప్పుడు వాడే కురువింద పొడి నీళ్లలోకి చేరి రేవు పూడుకుపోతోంది. ఇంతకుముందు ఈ సంగతి చూడమని నగర కరణానికి పురమాయిస్తే, ఆయన వాళ్ల ఆగడాన్ని ఆపలేకపోయాడట, అందుకని గవర్నరే కలగజేసుకోవలసి వచ్చిందట. వేల గొంతులు రెండు గంటలు అరిస్తే చల్లార్చగలిగిన కొలువు అది. నూరేళ్లు తిరిగేసరికి గట్టుమీద రంపం లాగుతున్న కూలీలను ఆపలేకపోయింది. అల్లరికి ఎదురు నిలబడవచ్చు. పొడికి ఎలా ఎదురు నిలబడతాం? ఒక్కొక్క వ్యాపారి వల్లా పడేది గుప్పెడే కదా. పైగా ఆ రాయి దేనికి? ఊరు అందంగా ఉండడానికి. మనం కెమెరాలు పట్టుకుని వెళ్లి చూసే ఆ తెల్లటి ముఖద్వారాలూ స్తంభాలూ ఫలకాలూ ఎక్కడో ఒకచోట రంపం కింద పడినవే. ఎఫెసు కంటికి ఇంపుగా తయారవుతున్న కొద్దీ దాని గొంతులో పొడి పడుతూ వచ్చింది.

పూడిక తీయించినవాళ్లూ ఉన్నారు. నీరో కాలంలో బరేయా సొరానస్ అనే గవర్నరు ఎఫెసు రేవును తెరిపించడానికి శ్రద్ధ తీసుకున్నాడు. న్యాయంగా, కష్టపడి పనిచేసినందుకు చక్రవర్తికి ఆయనంటే ఇంకా కంటగింపయిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కొన్నేళ్లకు వేరే నేరాలు మోపి సొరానస్‌కూ ఆయన కూతురికీ మరణశిక్ష వేశారు. తర్వాత హేడ్రియన్ చక్రవర్తి ఏకంగా నదినే పక్కకు మళ్లించాడు. రేవులను ఓడలు నడిచేలా చేసి, వాటిని పాడుచేస్తున్న నదిని తిప్పినందుకు కృతజ్ఞతగా ఎఫెసువాళ్లు 129లో ఆయనకు శాసనం చెక్కించారు. అల్బస్ ఉత్తరువు ఆ తర్వాతదే. అంటే నది తిప్పినా పని తీరలేదు. పూడికతీతలో ఉన్న తంటా ఇదే. అది ఎప్పటికీ పూర్తికాదు, పూర్తికాని పనికి ప్రారంభోత్సవం ఉండదు. డెల్టా కాలవల గట్టున పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. వేసవిలో కాలవ కట్టేయగానే పూడిక తీయాలని అందరూ అంటారు, నీళ్లు వదిలే రోజుదాకా అంటూనే ఉంటారు.

ఎఫెసు మొదట ఇక్కడ లేదు. గుడి చుట్టుపక్కల పల్లపు నేలలో ఉండేది. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లైసిమాకస్ ఆ పాత ఊరు పనికిరాదని, కొండల నడుమ దాదాపు తొమ్మిది కిలోమీటర్ల ప్రాకారం కట్టి, భార్య పేరు పెట్టి, అందరూ ఇక్కడికి రండన్నాడు. ఎవరూ కదలలేదు. తాతలనాటి ఇళ్లు, కళ్లెదుట గుడి, ఎందుకు కదులుతారు? ఒకనాడు జోరున వాన పడుతుంటే లైసిమాకస్ పాత ఊరి తూములన్నీ మూయించాడు. ఊరు మునిగింది. అప్పుడు సంతోషంగా కదిలారని స్ట్రాబో అంటాడు. ఆ 'సంతోషంగా' అన్నది నేను నమ్మను. కాని లైసిమాకస్‌కు మనుషుల గుణం తెలుసు. మెల్లగా వచ్చే నీటికి ఎవరూ ఇల్లు ఖాళీ చేయరు. దాన్ని ఒక్క రాత్రిలో తెప్పిస్తే చేస్తారు.

నాటకశాల దిగి రేవు వీధి వైపు నడుస్తూ దివిసీమ పెద్దావిడతో మాట కలిపాను. 1977 ఉప్పెనలో ఆమె అత్తవారింటి తాలూకు చాలామంది పోయారట. ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారలేదు. ఎన్నోసార్లు చెప్పిన గొంతది.

"నవంబరు పందొమ్మిది, శనివారం. ఎన్ని గంటలకు నీళ్లొచ్చాయో కూడా చెబుతానయ్యా. ఇప్పుడు మా పొలాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కుతున్నాయి. వరి రావట్లేదు. అది ఏ ఏడు మొదలైందో చెప్పమంటే మాత్రం నాకే తెలీదు."

నాకు కోరంగి గుర్తొచ్చింది. గోదావరి మొగ దగ్గర ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగువాళ్లందరినీ ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. కోరంగి ఎలా పోయిందంటే అందరం 1839 తుపాను గురించి చెబుతాం. తుపాను నిజమే, ఓడలు పోయాయి, వేలమంది పోయారు. కాని తీరంలో తుపాను తిన్న ఊళ్లు ఎన్నో మళ్లీ లేచాయి. కోరంగి రేవుగా లేవకపోవడానికి గోదావరి అక్కడ వేస్తున్న మేట కారణం. దానికి తారీకు లేదు, అందుకని దానికి కథా లేదు. ఎఫెసును మూడో శతాబ్దంలో భూకంపం కొట్టింది, గోతులు కొట్టారు. అయినా 431లో మరియను దేవుని తల్లి అనవచ్చునని తీర్మానించిన క్రైస్తవ మహాసభ ఈ ఊళ్లోనే జరిగింది. దెబ్బ తగిలిన ప్రతిసారీ లేచింది. లోతు తగ్గిన ప్రతిసారీ కొంచెం సర్దుకుంది. రెండోదాని వల్లే పోయింది.

పాస్టరుగారికి తన లెక్క తనకుంది. ప్రకటన గ్రంథంలో ఈ సంఘాన్ని హెచ్చరించినట్టే దీపస్తంభం దాని చోటు నుంచి తీసివేయబడిందని ఆయన వివరించారు. ఆయన విశ్వాసం ఆయనది. నేను తర్కించలేదు. కాని గదికి వచ్చాక ఆ భాగం తీసి చదివితే ఆశ్చర్యమేసింది. ఎఫెసు మీద అక్కడున్న అభియోగం హత్య కాదు, దోపిడీ కాదు, విగ్రహాలకు మొక్కడం కూడా కాదు. మీరు కష్టపడతారు, ఓర్చుకుంటారు, మోసగాళ్లను గుర్తుపడతారు అని మెచ్చుకుని, మొదట ఉన్న ప్రేమ ఇప్పుడు లేదని మాత్రమే అంటుంది. ఏ రోజు పోయిందో చెప్పలేని సంగతి అది కూడా.

నగరం ఏమైందంటే, నీళ్లు ఎటు పోతే అటు పోయింది. సముద్రానికి కాలవ తవ్వి కొంతకాలం నెట్టుకొచ్చారు. తర్వాత రేవు చిత్తడయింది, దోమలు, జ్వరాలు. జనం ఒక్కొక్కరే కదిలి, యోహాను సమాధి మీద జస్టీనియన్ కట్టించిన చర్చి ఉన్న అయాసులుక్ కొండ చుట్టూ చేరారు. అది వెయ్యేళ్ల కిందట వాళ్లు వదిలివచ్చిన పాత చోటికి దగ్గరే. లైసిమాకస్ పడిన శ్రమంతా వృథా. తర్వాత తురుష్కులు వచ్చి 1375లో అక్కడే ఈసా బే మసీదు కట్టారు, ఎఫెసు స్తంభాలు కొన్ని దాంట్లో నిలబెట్టారు. ఆ కొండ చుట్టూ ఉన్నదే ఇప్పటి సెల్చుక్. ఓడల పని తీరం వెంట దక్షిణంగా జరిగి కుషాదాసికి చేరింది. ఇవాళ అక్కడ దిగే విహారనౌకల జనాన్ని బస్సుల్లో ఎక్కించుకుని తెచ్చి ఎఫెసు చూపిస్తారు. ఎఫెసుకు ఓడలు వస్తూనే ఉన్నాయి, రేవు మాత్రం ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది.

పూడిన రేవును చదువుతున్నవాళ్లూ ఉన్నారు. జాన్ క్రాఫ్ట్, హెల్ముట్ బ్రూక్నర్, ఇల్హాన్ కయాన్ వంటి శాస్త్రజ్ఞులు మైదానమంతా గొట్టాలు దించి మట్టి పొరలు తీసి, ఏ కాలంలో తీరం ఎక్కడుందో గీశారు. పొరల్లో పాత చెట్ల పుప్పొడి ఉంది, రోమన్ల కాలపు సీసం ఉంది. ఎగువన మనుషులు అడవి కొట్టి దున్నిన కొద్దీ దిగువన మేట వేగం పెరిగినట్టు తెలుస్తోంది. దున్నింది ఎవరి కోసం? దిగువనున్న అంత పెద్ద నగరానికి తిండి కావద్దా? కాబట్టి నేరస్థుణ్ని వెతకడం నేను మానుకున్నాను. రొట్టె తిన్నవాళ్లందరి పేర్లూ రాయవలసి వస్తుంది. ఆ పాత కాలవను మళ్లీ తవ్వి, సముద్రం నుంచి పడవల్లో యాత్రికులను తేవాలన్న ప్రణాళిక టర్కీలో కొన్నేళ్లుగా వినబడుతోంది. తవ్వితే చూడాలనే ఉంది. ఏటేటా పూడిక ఎవరు తీస్తారన్నది ఆ కాగితాల్లో ఏ పేజీలో ఉందో కూడా చూడాలని ఉంది.

శనివారం సెల్చుక్‌లో సంత. యాత్ర బృందం బస్సు అక్కడ కాసేపు ఆగింది, నేనూ అక్కడే ఉన్నాను. దివిసీమ ఆవిడ పీచ్ పండ్ల కుప్ప దగ్గర నిలబడి, ఇవి ఎక్కడివని సైగచేసి అడిగింది. దుకాణదారు పడమటి వైపు, ఊరికీ సముద్రానికీ మధ్యనున్న తోటల వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ ఒక పండు తీసుకుని బరువు చూసింది, వాసన చూసింది.

"ఒండ్రు నేల. మాదీ అంతేగా, కృష్ణమ్మ తెచ్చి పోసిందే. తియ్యగానే ఉంటాయి," అని నాతో అని, అతని వైపు తిరిగి మాత్రం పుల్లగా ఉన్నాయన్నట్టు మొహం పెట్టి, ధర సగానికి తగ్గించమని వేళ్లు చూపించింది.